ల్యాన్ కేబుల్‌కు కనెక్టర్ బిగించడం: ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇళ్లకూ దుకాణాలకూ చిన్న ఆఫీసులకూ ల్యాన్ వైరింగ్, అంటే కంప్యూటర్లకూ కెమెరాలకూ నెట్ అందించే కేబుళ్ల పని, చేస్తున్నప్పుడు ఇంటివారూ, ఎలక్ట్రీషియన్లూ, పని నేర్చుకుంటున్న యువకులూ మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం కేబుల్ నడుమ ఉన్నవి కావు. రెండు కొసల్లో, కనెక్టర్ బిగించిన ఆఖరి అంగుళంలో ఉన్నవి. అందుకే మిగతా విషయాల కంటే ఆ అంగుళం గురించే ఇక్కడ ఎక్కువగా రాశాను.

ఇంటికి ఫైబర్ వచ్చింది కదా, ఇంకా ఈ రాగి కేబుల్‌తో పనేమిటి?

ఫైబర్ మీ ఇంట్లో ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె దాకా మాత్రమే వస్తుంది. అక్కడి నుంచి పై అంతస్తులోని కంప్యూటర్‌కూ, హాలులోని టీవీకీ, గేటు దగ్గరి కెమెరాకూ నెట్ వెళ్లాలంటే వైఫై అయినా ఉండాలి, ల్యాన్ కేబుల్ అయినా ఉండాలి. మన దగ్గర పాత ఇళ్లకు మందపాటి రాతి గోడలు, కొత్త ఇళ్లకు ఇనుప చువ్వలతో నిండిన స్లాబు ఉంటాయి కాబట్టి ఒక అంతస్తు దాటేసరికే వైఫై బలహీనపడుతుంది. రెండో రూటర్‌ను పైకి ఎక్కించినా, దానికి కింది నుంచి కేబుల్ ఇచ్చినప్పుడే పూర్తి వేగం అందుతుంది.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. ఓఎన్‌టీకి వెనక వచ్చే సన్నని తీగ చివర ఉన్న ఆకుపచ్చ కనెక్టర్ ఫైబర్‌ది. దాని అద్దపు కొసను 8 డిగ్రీల వాలుతో అరగదీసి తయారు చేస్తారు. దాన్ని రాగి కేబుల్ కనెక్టర్లను నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌తో బిగించలేము, వంచకూడదు, ఊడదీసి ఆ కొసలోకి కంటితో చూడకూడదు. ఈ పేజీలో చెప్పేదంతా రాగి కేబుల్‌కు సంబంధించినదే.

క్యాట్ 5ఈ, క్యాట్ 6, క్యాట్ 6ఏ, వీటిలో ఏది కొనాలి?

ఇవి ల్యాన్ కేబుల్ తరగతుల పేర్లు. ఒక గిగాబిట్ వేగానికి క్యాట్ 5ఈ కూడా సరిపోతుంది. నాలుగు జతల తీగలనూ వాడుకునే గిగాబిట్ ప్రమాణం 1999లో వచ్చినప్పుడు దానికి ముందు తరగతి అయిన క్యాట్ 5 కేబుల్‌ను దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. క్యాట్ 5ఈని 100 మెగాహెర్ట్జ్ దాకా, క్యాట్ 6ను 250 దాకా, క్యాట్ 6ఏను 500 దాకా పరీక్షిస్తారు. పది గిగాబిట్ల వేగం క్యాట్ 6 మీద సుమారు 55 మీటర్లకు మించి నమ్మకంగా వెళ్లదు. క్యాట్ 6ఏ మీద 100 మీటర్లూ వెళ్తుంది.

కొత్తగా గోడల్లో పైపులు వేస్తున్న ఇంటికి నేను క్యాట్ 6 చెబుతాను. స్లాబు పడ్డాక పైపులోంచి కేబుల్ మార్చడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు. ఆ శ్రమ ముందు రెండు రకాల మధ్య ధర తేడా చిన్నదే. సాధారణ ఇంటికి క్యాట్ 6ఏ అవసరం లేదు. అది లావుగా, మొండిగా ఉంటుంది, ఇరుకు పైపుల్లో తిరగదు, దాని కనెక్టర్ బిగించడం కూడా కొత్తవారికి కష్టం.

తక్కువ ధరకు దొరికే క్యాట్ 6 డబ్బా కొనవచ్చా?

ధర మరీ తక్కువగా ఉంటే లోపలి తీగ రాగిది కాకపోవచ్చు. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసిన కేబుల్ మార్కెట్‌లో విరివిగా దొరుకుతుంది. డబ్బా మీద క్యాట్ 6 అని రాసి ఉన్నా, ఆ తరగతుల ప్రమాణాలు అడిగేది పూర్తి రాగి తీగనే. ఇటువంటి కేబుల్ తొడుగు మీద కొన్నిసార్లు సీసీఏ అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి, కొన్నిసార్లు అవి కూడా ఉండవు.

గుర్తించడం తేలిక. దుకాణంలోనే ఒక అంగుళం తీగ ఒలిపించి, కత్తి మొనతో మెల్లగా గీకండి. పై ఎరుపు పోయి తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే విరిగిపోయే తీగను అసలు నమ్మవద్దు. పూర్తి రాగితో చేసిన 305 మీటర్ల డబ్బాకూ దీనికీ బరువులో తేడా చేతికే తెలుస్తుంది.

దీన్ని ఇంత గట్టిగా వద్దనడానికి కారణం ఉంది. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 60 శాతమే కాబట్టి, అదే మందం తీగలో నిరోధం బాగా ఎక్కువగా ఉంటుంది. కేబుల్ ద్వారానే కరెంటు తీసుకునే కెమెరాకు దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, కేబుల్ వేడెక్కుతుంది. పగలు బాగానే పనిచేసిన కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగగానే ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే, ముందుగా ఈ తీగనే అనుమానించండి. అంతేకాక, కనెక్టర్ పళ్లు దిగిన చోట అల్యూమినియం కాలక్రమంలో వదులై, గాలి తగిలి పొర కడుతుంది. ఎంత శ్రద్ధగా బిగించినా ఆ కనెక్షన్ ఎక్కువ కాలం నిలవదు.

కనెక్టర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏదైనా వాడవచ్చా?

వాడకూడదు. మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది తీగ రకం. గోడల్లో వేసే కేబుల్‌లో ఒక్కో తీగ ఒకే గట్టి రాగి పోగు. గోడ నుంచి పరికరానికి పెట్టే పొట్టి ప్యాచ్ కార్డుల్లో సన్నని పోగులు కలిపి పేనిన మెత్తని తీగ. కనెక్టర్ లోపలి పన్ను గట్టి పోగుకు అటూ ఇటూ కరుచుకుని నిలవాలి, మెత్తని తీగకైతే మధ్యలోంచి గుచ్చుకోవాలి. అందుకే పన్ను ఆకారం వేరుగా ఉంటుంది. రెంటికీ పనికివచ్చే మూడు మొనల రకం కూడా ఉంది. ప్యాకెట్ మీద చూసి కొనాలి.

రెండవది తీగ లావు. క్యాట్ 5ఈలో తీగ వ్యాసం సుమారు 0.51 మిల్లీమీటర్లు, క్యాట్ 6లో తరచుగా 0.57. కాగితం మీద ఈ తేడా చిన్నదే కానీ, పైనున్న ప్లాస్టిక్ పొరతో కలిపి చూస్తే క్యాట్ 6 తీగ పాత కనెక్టర్ గాడిలోకి దూరదు. బలవంతంగా తోస్తే పొర చిట్లుతుంది. మూడవది పై తొడుగు లావు. తొడుగు కనెక్టర్ లోపలికి పోకపోతే పట్టు ఉండదు.

అన్నట్టు, మనమంతా ఆర్‌జె45 అని పిలిచే ఈ వస్తువుకు ఆ పేరు టెలిఫోన్ రంగం నుంచి అంటుకున్నది. దీని సాంకేతిక నామం 8పీ8సీ, అంటే ఎనిమిది స్థానాలు, ఎనిమిది స్పర్శలు. దుకాణంలో ఆర్‌జె45 అని అడిగితేనే ఇస్తారు కాబట్టి ఇక్కడా అదే పేరు వాడుతున్నాను.

రంగుల వరుస ఏమిటి?

రెండు వరుసలున్నాయి: టీ568ఏ, టీ568బీ. మన దగ్గర దాదాపు అందరూ వాడేది బీ వరుస. కనెక్టర్ క్లిప్పు మీకు కనిపించకుండా వెనక్కి, బంగారు రంగు పళ్లు మీవైపు పైన ఉండేట్టు పట్టుకుంటే ఎడమ చివరిది ఒకటో స్థానం. అక్కడి నుంచి బీ వరుస ఇలా సాగుతుంది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. పని చేసేవారు దీన్ని వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్ అని ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతారు. అలా నోటికి రావడమే మంచిది, ఎందుకంటే నిచ్చెన మీద నిలబడి ఫోనులో బొమ్మ చూసుకుంటూ తీగలు సర్దడం కుదరదు.

టీ568ఏ వరుసలో నారింజ, ఆకుపచ్చ జతలు ఒకదాని స్థానంలోకి మరొకటి వస్తాయి. నీలం, గోధుమ కదలవు. వేగంలో రెంటికీ తేడా లేదు. ఒక భవనంలో ఏది మొదలుపెట్టారో చివరిదాకా అదే కొనసాగించాలి. పాత ఆఫీసులో కొత్త పాయింటు కలిపేముందు అక్కడున్న ఒక జాక్‌ను విప్పి ఏ వరుసో చూసుకోండి.

రెండు కొసల్లో ఒకే వరుస ఉంటే చాలదా? ఏ రంగు ఎక్కడుంటే ఏమిటి?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ నష్టం చేసే నమ్మకం కూడా ఇదే. చాలదు.

కేబుల్ తొడుగు ఒలిచి చూస్తే ఎనిమిది తీగలు విడివిడిగా ఉండవు. నాలుగు జతలుగా, ఒక్కో జత పలుపు తాడులా పురి తిరిగి ఉంటుంది. నాలుగు జతలను పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్కోదాని పురి ఒక్కో బిగువుతో కనిపిస్తుంది. అది కావాలని చేసినదే. ఒక జతలోని రెండు తీగల్లో ఒకే సంకేతం ఎదురెదురు దిశల్లో వెళ్తుంది. బయటి నుంచి ఏదైనా అలజడి సోకితే, పురి తిరిగి ఉన్నందున అది రెండు తీగలకూ సమానంగా సోకుతుంది. అవతల ఉన్న పరికరం ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి సమానంగా సోకినది దానంతటదే రద్దవుతుంది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోన్ తీగల కోసం 1881లో పేటెంట్ పొందిన ఉపాయమిది. నేటి గిగాబిట్ నెట్‌వర్క్ కూడా దీని మీదనే నడుస్తోంది.

పరికరాలు 1, 2 స్థానాలను ఒక జతగా, 3, 6 స్థానాలను ఒక జతగా, 4, 5ను ఒకటిగా, 7, 8ను ఒకటిగా చూస్తాయి. మూడుకు జోడు నాలుగు కాకుండా ఆరు కావడమే కొత్తవారిని తికమక పెడుతుంది. పాత టెలిఫోన్ ప్లగ్గులో మొదటి లైను నట్టనడుమ రెండు స్థానాల్లో, రెండో లైను దానికి అటొకటి ఇటొకటిగా ఉండేది. ఆ ఏర్పాటునే ఇక్కడా నిలిపారు. ఇప్పుడు ఎవరైనా రంగులను చక్కగా జతలుగా, నారింజ పక్కన నారింజ, ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నీలం అని పేర్చి, రెండు కొసల్లోనూ అలాగే బిగించారనుకోండి. మూడో స్థానంలో ఆకుపచ్చ జత నుంచి ఒక తీగ, ఆరో స్థానంలో నీలం జత నుంచి ఒక తీగ వస్తాయి. పరికరం జత అనుకుంటున్న ఆ రెండు తీగలు ఒకదానితో ఒకటి పురి తిరిగి లేవు. రద్దు కావలసిన అలజడి రద్దు కాదు.

పని నేర్చుకుంటున్న రోజుల్లో మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. వేబ్రిడ్జి గది నుంచి ఆఫీసుకు అరవై మీటర్ల కేబుల్ లాగి, రెండు కొసల్లో రంగులు చూడముచ్చటగా పేర్చి బిగించాను. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరుసగా వెలిగాయి. పొద్దున మోటార్లు మొదలుకాకముందు కంప్యూటర్ బాగానే పనిచేసేది, మిల్లు నడవడం మొదలుపెట్టగానే తూకం వివరాలు ఆఫీసుకు చేరడం ఆగిపోయేది. బయట ధాన్యం లారీలు వరుసగా నిలబడి ఉండేవి. కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మార్చాను, కంప్యూటర్ పోర్టు మార్చాను. మూడో రోజు ఒక పెద్దాయన వచ్చి కనెక్టర్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా కట్టర్‌తో రెండు కొసలూ కత్తిరించి బీ వరుసలో మళ్లీ బిగించారు. ఆ తరువాత ఆ కేబుల్ ఆగలేదు. ఆ మూడు రోజులు ఎండలో నిలబడిన లారీ డ్రైవర్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, అందుకే ఈ ఒక్క ప్రశ్నకు ఇంత పొడుగున జవాబు రాశాను.

కనెక్టర్ బిగించే సరైన పద్ధతి ఏమిటి?

ముందుగా కనెక్టర్ వెనక తొడిగే రబ్బరు బూటు వాడేట్టయితే దాన్ని కేబుల్‌లోకి ఎక్కించండి. బిగించాక గుర్తుకొస్తే చేయగలిగేది లేదు.

కేబుల్ కొస నుంచి రెండున్నర, మూడు సెంటీమీటర్ల దగ్గర బ్లేడును తొడుగు మీద తేలికగా ఆనించి ఒక చుట్టు తిప్పండి. తొడుగును పూర్తిగా కోయకూడదు. సగం లోతు గాటు పడితే చాలు. ఆ చోట కేబుల్‌ను అటూ ఇటూ వంచితే తొడుగు దానంతటదే విడిపోతుంది. తొడుగు లాగేశాక నాలుగు జతలనూ తిప్పి తిప్పి చూడండి. ఏ తీగ పొర మీదనైనా గాటు కనిపిస్తే, ఎంత చిన్నదైనా సరే, అక్కడికి కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. లోపల ఉన్న సన్నని నైలాన్ దారాన్నీ, క్యాట్ 6లో నాలుగు జతల నడుమ ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ప్లాస్టిక్ కడ్డీనీ తొడుగు అంచు దాకా కత్తిరించండి.

ఇప్పుడు పురి విప్పాలి. ఒక్కో జతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పురికి ఎదురు దిక్కులో నలిపితే తీగలు విడిపోతాయి. విడిపోయిన తీగ ఇంకా అలలు అలలుగానే ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్ కడ్డీకీ బొటనవేలికీ నడుమ పెట్టి కొస వైపు రెండుసార్లు సాగదీస్తే నిటారుగా నిలుస్తుంది. ఎనిమిదినీ వరుసగా పేర్చి, తొడుగు అంచు దగ్గర బొటనవేలితో గట్టిగా అదిమి పట్టి, పక్క పక్కకు ఊపుతూ ఉంటే అవి చాప పుల్లల్లా ఒకదానికొకటి ఆనుకుని చదునైన పట్టీగా మారతాయి. ఈ దశలో తొందరపడవద్దు. పట్టీ చక్కగా కుదిరిందంటే సగం పని అయినట్టే.

వేలి పట్టు వదలకుండా, తొడుగు అంచు నుంచి సుమారు 13 మిల్లీమీటర్లు ఉంచి, మిగిలినదాన్ని ఒకే వేటుతో అడ్డంగా కత్తిరించండి. ఆ కొలత ఊరికే చెప్పింది కాదు. పురి విప్పిన భాగం 13 మిల్లీమీటర్లకు మించకూడదని ప్రమాణమే చెబుతోంది. అంతకంటే పొడుగు ఉంచితే తొడుగు కనెక్టర్ బయటే నిలిచిపోయి, తీగలు పిల్లి మీసాల్లా బయటకు కనిపిస్తాయి. అలా కనిపించే కనెక్టర్‌ను, అది ఎవరు బిగించినదైనా సరే, మార్చవలసిందే.

కనెక్టర్‌ను వరుస చూసుకుని ఎక్కించి, గట్టిగా లోపలికి తోయండి. ముందు అంచు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు మెరుస్తూ కనిపించాలి. ఒక్కటి మసకగా ఉన్నా ఆ తీగ వెనకబడిందని అర్థం. పక్క నుంచి చూస్తే తొడుగు కనెక్టర్‌లో దాన్ని అదిమిపట్టే చీల కింద దాకా పోయి ఉండాలి. అప్పుడే క్రింపింగ్ టూల్‌లో పెట్టి చివరంటా నొక్కండి; ర్యాచెట్ ఉన్న టూల్ అయితే పూర్తిగా నొక్కేదాకా వదలదు కాబట్టి అదే కొనమని చెబుతాను. నొక్కాక కేబుల్‌ను ఒక చేత్తో, కనెక్టర్‌ను ఒక చేత్తో పట్టుకుని లాగి చూడండి. తొడుగు జారకూడదు. ఒకసారి నొక్కిన కనెక్టర్ మళ్లీ పనికిరాదు.

తీగలు ముందు నుంచి బయటకు వచ్చే పాస్‌త్రూ కనెక్టర్ మంచిదేనా?

నేర్చుకునేవారికి మంచిదే. తీగలు ముందు రంధ్రాల్లోంచి బయటకు వస్తాయి కాబట్టి వరుసను నొక్కేముందే కళ్లారా చూసుకోవచ్చు, తొడుగును కూడా లోపలికి బాగా లాక్కోవచ్చు. అయితే దీనికి నొక్కుతూనే కొసలను కత్తిరించే బ్లేడున్న వేరే టూల్ కావాలి. ఆ బ్లేడు మొద్దుబారితే రాగి కొసలు చీలి పక్కదానికి తగులుతాయి, లేదా పొడుచుకు వచ్చి పోర్టును పాడుచేస్తాయి. కేబుల్ ద్వారా కరెంటు కూడా వెళ్లే కెమెరాల దగ్గర నేను మామూలు కనెక్టర్లే వాడతాను.

టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, అయినా నెట్ నెమ్మదిగా ఉంది. ఎందుకు?

రెండు ముక్కలుగా వచ్చే చిన్న టెస్టర్ చెప్పేది ఒక్కటే: ఈ కొసలోని తీగ ఆ కొసలో అదే స్థానానికి చేరిందని. జత సరైనదో కాదో, పురి ఎంత విప్పారో, తీగ రాగిదో కాదో అది చెప్పలేదు. ముందు ప్రశ్నలో చెప్పిన మిల్లు కేబుల్‌కు కూడా అది పచ్చజెండా ఊపింది.

టెస్టర్ తరువాత చూడవలసింది లింక్ వేగం. రెండు వైపులా గిగాబిట్ పోర్టులు ఉన్నప్పుడు కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో 1000 ఎంబీపీఎస్ అని కనిపించాలి. 100 అని కనిపిస్తే, నీలం లేదా గోధుమ జతలో ఏదో ఒక తీగ సరిగ్గా తగలడం లేదని చాలాసార్లు అర్థం, ఎందుకంటే 100 వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే చాలు. మూడు వందల ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతూ తొంభై దాటి చూడని ఇళ్లు నేను చాలా చూశాను; వాటిలో చాలాచోట్ల ఒక కనెక్టర్ మార్చితే సరిపోయింది.

ఆ తరువాత ఒక పెద్ద ఫైలును ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పంపి, వేగం నిలకడగా ఉందో లేదో చూడండి. పెద్ద ఆఫీసుకు, కాలేజీ ల్యాబుకు పని అప్పగించేటప్పుడు మాత్రం ప్రతి పాయింటునూ సర్టిఫయర్ యంత్రంతో కొలిచి నివేదిక ఇవ్వమని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

గోడలోంచి వచ్చే కేబుల్‌కు నేరుగా కనెక్టర్ బిగించి కంప్యూటర్‌కు పెట్టవచ్చా?

పనిచేస్తుంది కానీ మన్నదు. గోడ కేబుల్‌లోని గట్టి రాగి పోగు కదలకుండా ఉండటానికి చేసినది. రోజూ బల్ల జరిగినప్పుడల్లా, ల్యాప్‌టాప్ తీసినప్పుడల్లా వంగుతుంటే కనెక్టర్ మొదలు దగ్గర విరుగుతుంది. గోడ దగ్గర ప్లగ్గు దూరే కీస్టోన్ జాక్ బిగించి, దాని మీద ఫేస్‌ప్లేట్ అనే మూత పెట్టి, అక్కడి నుంచి మెత్తని తీగల ప్యాచ్ కార్డు వాడటం సరైన పద్ధతి. స్విచ్‌లు అమర్చే రాక్ అనే చట్రం ఉన్నచోట అవతలి కొసను దానిలోని జాక్‌ల వరుస అయిన ప్యాచ్ ప్యానెల్‌లో దించాలి.

జాక్ బిగించడం కనెక్టర్ కంటే తేలికని చాలామందికి తెలియదు. రంగుల గుర్తులు జాక్ పక్కనే ఉంటాయి. ఏ గుర్తు వరుస, బీ గుర్తు వరుస రెండూ ముద్రించి ఉంటాయి కాబట్టి బీ చూసుకుని తీగలను గాడుల్లో పెట్టి పంచింగ్ టూల్‌తో కొట్టడమే. టూల్ కోసే అంచు బయటివైపు ఉండాలి. తిరగబడితే లోపలి తీగ తెగుతుంది. ఇక్కడ కూడా పురిని గాడి దాకా ఉంచాలి. ప్రమాణం అనుమతించే మొత్తం దూరం 100 మీటర్లు: గోడలోని కేబుల్ 90, రెండు వైపుల ప్యాచ్ కార్డులు కలిపి 10.

ఒకే కేబుల్‌లోని నాలుగు జతలతో రెండు కెమెరాలు నడపవచ్చా?

100 ఎంబీపీఎస్ కెమెరాలు రెండు జతలతోనే మాట్లాడతాయి కాబట్టి కేబుల్‌ను రెండుగా చీల్చి రెండు కనెక్టర్లు పెట్టే అలవాటు కొందరికి ఉంది. నేను చేయను, చేయించను. చీల్చిన చోట తొడుగు ఉండదు, పట్టు ఉండదు. కేబుల్ ద్వారా కరెంటు ఇచ్చే పీఓఈ పద్ధతిలో కొన్ని పరికరాలు కరెంటును మిగిలిన రెండు జతల మీదనే పంపుతాయి. ఆ జతలు మరో కెమెరాకు వెళ్లిపోతే రెండూ చెడే ప్రమాదం ఉంది. రెండు కెమెరాలు ఒకే వైపు ఉంటే అక్కడ చిన్న పీఓఈ స్విచ్ పెట్టండి.

పీఓఈ సామర్థ్యం గురించి తరచుగా అడుగుతారు. 2003 ప్రమాణంలో స్విచ్ ఒక పోర్టుకు 15.4 వాట్లు, 2009 ప్రమాణంలో 30 వాట్లు, 2018 ప్రమాణంలో 90 వాట్ల దాకా ఇస్తుంది. కరెంటు ఎక్కువయ్యేకొద్దీ కనెక్టర్‌లోని వదులు తీగ ఎక్కువ వేడెక్కుతుంది. కనెక్టర్ ఊడదీసేముందు వీలైతే స్విచ్ ఆపండి, లేకపోతే తీసేటప్పుడు వచ్చే చిన్న మెరుపు పళ్ల మీది బంగారు పూతను తినేస్తుంది.

కరెంటు వైర్ల పైపులోనే ల్యాన్ కేబుల్ వేయవచ్చా?

వేయకూడదు. అలజడి ఒక కారణం, ప్రాణభద్రత అంతకంటే పెద్ద కారణం. వేరే పైపు వేయండి. కరెంటు పైపును దాటవలసి వస్తే సమాంతరంగా కాక అడ్డంగా దాటించండి. మేస్త్రీ స్లాబు పోసేముందే ఈ మాట చెప్పాలి.

మేడ మీద నుంచి, లేదా పక్క బిల్డింగుకు కేబుల్ లాగవచ్చా?

పాలమూరు, నల్లగొండ ఎండల్లో ఇంటి లోపల వాడే బూడిద రంగు కేబుల్ తొడుగు ఎక్కువ కాలం నిలవదు. ఎండకు పెళుసై పగులుతుంది, వానాకాలంలో ఆ పగులు నుంచి నీరు దిగి కేబుల్ పొడవునా పాకుతుంది. బయట వేయడానికి నల్లని పాలిథిలీన్ తొడుగున్న కేబుల్ వేరే దొరుకుతుంది. దాన్ని కూడా పైపులోనే వేయండి, ఎందుకంటే మన ఊళ్లలో కోతులు వేలాడే ఏ తీగనైనా లాగకుండా వదలవు, ఉడుతలూ ఎలుకలూ కొరకకుండా వదలవు. వేడికి రాగి నిరోధం పెరుగుతుంది కాబట్టి, మండుటెండలో మేడ మీద పోయే కేబుల్‌ను 100 మీటర్ల అంచు దాకా సాగదీయకుండా 80 లోపు ఆపుతాను. కనెక్టర్‌ను ఆరుబయట వదలకుండా నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, కేబుల్‌ను డబ్బాలోకి కింది వైపు నుంచి, కొంచెం వేలాడే మలుపుతో ఎక్కించండి. నీటి చుక్క ఆ మలుపు దగ్గరే రాలిపోతుంది.

రెండు భవనాల మధ్య మాత్రం రాగి కేబుల్ వద్దు, ఫైబర్ వేయండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఉరుముల గాలివానల్లో దగ్గర ఎక్కడ పిడుగు పడినా, రెండు భవనాల ఎర్తింగ్ మధ్య పుట్టే తేడా ఆ రాగి తీగ గుండానే పరుగెత్తి రెండు వైపుల స్విచ్‌లనూ కాల్చేస్తుంది. ఫైబర్ అద్దం కాబట్టి దాని గుండా కరెంటు రాదు. ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే రెండు మీడియా కన్వర్టర్ల ఖర్చు, కాలిపోయిన ఒక స్విచ్ ఖర్చుతో పోల్చి చూడండి.

తెగిన కేబుల్‌ను ముడివేసి టేపు చుట్టవచ్చా?

కరెంటు తీగలా పేని టేపు చుడితే పురి అక్కడ పోతుంది, తేమ చేరుతుంది. ఇంటి లోపలైతే రెండు కొసలనూ గాడుల్లో కొట్టే జంక్షన్ బాక్సు వాడవచ్చు. గిగాబిట్ కావలసిన చోట, లేదా ఆరుబయట తెగితే, కేబుల్ మొత్తం మార్చడమే నా సలహా.

క్రాసోవర్ కేబుల్ ఇంకా అవసరమా?

అవసరం లేదు. ఒక కొస టీ568ఏ వరుస, ఒక కొస టీ568బీ వరుస పెట్టి రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే రోజులు పోయాయి. నేటి గిగాబిట్ పోర్టులు దిశను తామే సరిచేసుకుంటాయి.

షీల్డ్ ఉన్న కేబుల్ వాడితే మేలా?

పెద్ద మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు ఉన్నచోట మేలే, అయితే కనెక్టరూ జాకూ కూడా లోహపు కవచం ఉన్నవే వాడి, కవచాన్ని రాక్ ఎర్తింగ్‌కు కలిపినప్పుడు మాత్రమే. ఎర్తింగ్ లేని ఇంట్లో షీల్డ్ కేబుల్‌కు మామూలు ప్లాస్టిక్ కనెక్టర్ పెడితే ఆ డబ్బు వృథా. ఇంటికి మామూలు కేబుల్ చాలు.

కొసల దగ్గర ఎంత కేబుల్ వదలాలి?

గోడ బాక్సు దగ్గర కనీసం 30 సెంటీమీటర్లు, రాక్ దగ్గర ఒకటి రెండు మీటర్లు. కనెక్టర్ మార్చిన ప్రతిసారీ నాలుగు సెంటీమీటర్లు పోతాయి, పొట్టిగా మిగిలితే మళ్లీ గోడ పగలగొట్టాలి. మిగులు కేబుల్‌ను చుట్టేటప్పుడు దాని లావుకు నాలుగు రెట్ల కంటే బిగువైన మలుపు తిప్పవద్దు, జిప్ టైను తొడుగు నొక్కుకుపోయేంతగా లాగవద్దు. రెండు కొసల్లోనూ ఒకే నంబరు రాసి అంటించండి. పన్నెండు కేబుళ్లున్న రాక్‌లో నంబర్లు లేకపోతే ఒక చిన్న మరమ్మతుకు పూట గడిచిపోతుంది.

కనెక్టర్ క్లిప్పు విరిగింది, నెట్ మాత్రం వస్తోంది. అలాగే వదిలేయవచ్చా?

వదిలేయవద్దు. క్లిప్పు లేని కనెక్టర్ ఫ్యాను గాలికీ, చీపురు తగిలినా కొంచెం కొంచెంగా వెనక్కి జారుతుంది. పళ్లు సగం తగిలీ తగలకుండా ఉన్నప్పుడు నెట్ వస్తూ పోతూ ఉంటుంది, నింద రూటర్ మీద పడుతుంది. అది ప్యాచ్ కార్డు అయితే కొత్తది కొనండి. గోడ కేబుల్ అయితే కొస కత్తిరించి మళ్లీ బిగించండి. అందుకోసమే ఆ 30 సెంటీమీటర్లు వదలమన్నాను.